మెడపై ఉస్తరా: చర్మానికీ ఒక హక్కుంది

గడ్డం ఉంచుకునేవారికి క్షౌరకత్తితో పనేముంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కత్తి వల్ల మెడకు కలిగే బాధ గడ్డం ఉన్నవారికీ తప్పదు. ముఖమంతా గీయించుకునే వ్యక్తికి ఉస్తరా చెంపల మీదా, చుబుకం మీదా, మెడ మీదా తిరుగుతుంది. గడ్డం ఉన్న వ్యక్తికి దాని పని దాదాపు పూర్తిగా దవడ ఎముక కింద, కంఠం మీదే ఉంటుంది. అక్కడి చర్మం పలుచన. తల తిప్పినప్పుడల్లా అది ముడతలు పడుతుంది. కుర్తా కాలరు దాన్నే ఒరుసుకుంటుంది. చెమట అక్కడే నిలుస్తుంది. వెంట్రుకలు కూడా అక్కడ ఒకే దిశలో పెరగవు.

అందువల్లనే జుమా రోజున తెల్లని కుర్తా తొడుక్కుని మస్జిదుకు వచ్చే యువకుల్లో కొందరి మెడల మీద ఎర్రని పొక్కులు, గీరుకుపోయిన చారలు కనబడుతుంటాయి. మా మదరసాలో పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసుకు వచ్చిన విద్యార్థులు పాఠం వింటూ మెడ గోక్కోవడం మేము ఏటా చూస్తూనే ఉన్నాం. ఈ సంగతి కొడుకు తండ్రిని అడగడు, తండ్రి తనంతట తాను చెప్పడు. అమ్మీ పసుపు రాస్తుంది. పక్కింటివారు ఏదో క్రీము పేరు చెబుతారు. వారం తిరిగేసరికి మళ్ళీ అదే మెడ మీద అదే కత్తి. చూడడానికి ఇది చిన్న విషయమే. కాని గీరుకుపోయిన చర్మం గుండా రోగక్రిములు సులువుగా లోపలికి ప్రవేశిస్తాయి. ఇంటిల్లిపాదీ దీన్ని తెలుసుకోవడం అవసరమని భావించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ధర్మం కోరేది శుభ్రత

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఫిత్రత్‌కు, అంటే మానవ సహజ స్వభావానికి చెందినవిగా పేర్కొన్న పనుల్లో మీసాలు కత్తిరించడం, గోళ్ళు తీయడం, అవాంఛిత రోమాలు తొలగించడం ఉన్నాయి. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఈ పనులను నలభై రోజులకు మించి వదిలేయకూడదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ద్వారా తెలుస్తోంది. ఇది ముస్లిం గ్రంథంలో ఉంది.

మరి మెడ మీది వెంట్రుకల సంగతేమిటి? అరబీలో గడ్డాన్ని 'లిహ్యా' అంటారు. దవడ ఎముకకు 'లహ్‌య్' అని పేరు. దవడల మీద, చుబుకం మీద మొలిచేదే గడ్డమని ఈ పదాల సంబంధమే సూచిస్తోంది. దవడ దిగి కంఠం మీద మొలిచే వెంట్రుకల విషయంలో ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయం ఉంది. ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలమ్‌గీరీలో కంఠం మీది వెంట్రుకలను గొరగరాదన్న అభిప్రాయమూ, గొరిగినా తప్పులేదన్న ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) అభిప్రాయమూ పక్కపక్కనే నమోదై ఉన్నాయి.

దీన్నిబట్టి మనం గ్రహించవలసింది ఒకటుంది. మెడను అద్దంలా నున్నగా చేసుకోవాలని ధర్మం మనపై ఎలాంటి విధి మోపలేదు. మెడ పరిశుభ్రంగా, చూడముచ్చటగా ఉంటే చాలు. వేలితో తడిమితే ఒక్క గరుకు కూడా తగలకూడదన్న ఆరాటం మనం కల్పించుకున్నదే. శుభ్రత వేరు, నునుపు వేరు. మెడకు కలిగే హానిలో అధికభాగం ఈ రెంటి మధ్య తేడాను మరచిపోవడం వల్లనే కలుగుతోంది.

పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులో గడుపుతున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)ను ప్రవక్త (స) వారించి, శరీరానికి కూడా మనపై హక్కుందని బోధించారు. ఆరాధనలోనే శరీరాన్ని అతిగా శ్రమపెట్టకూడదన్నప్పుడు, అలంకరణ కోసం దాన్ని గాయపరచడం ఎలా సమంజసమవుతుంది?

మెడ ఎందుకు మండుతుంది?

మెడ మీద కనబడే బాధలు ముఖ్యంగా మూడు రకాలు. మూడింటికీ కారణాలు వేరు గనక ముందుగా వాటిని గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

మొదటిది కత్తి మంట. గీసిన కొద్దిసేపటికే చర్మం ఎర్రబడి చుర్రుమంటుంది. ఉస్తరా వెంట్రుకతో పాటు చర్మపు పైపొరను కూడా గీకేసిందని దీని అర్థం. పొడి చర్మం, మొద్దు కత్తి, బరువైన చేయి, ఒకేచోట మళ్ళీ మళ్ళీ గీయడం దీనికి కారణాలు. చర్మాన్ని ఊరకే వదిలేస్తే సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది.

రెండవది పొక్కులు. ఇవి వెంటనే కనబడవు. ఒకటి రెండు రోజులు గడిచాక లేస్తాయి. వైద్యులు వీటిని 'సూడోఫాలిక్యులైటిస్ బార్బే' అంటారు. కత్తి వెంట్రుకను ఏటవాలుగా కోసినప్పుడు దాని కొస సూదిలా మొనదేలుతుంది. చర్మాన్ని గట్టిగా లాగిపట్టి, వెంట్రుకల వాలుకు ఎదురుగా గీస్తే ఆ కొస చర్మం మట్టం కంటే కిందికి తెగుతుంది. చేయి వదలగానే చర్మం యథాస్థానానికి వస్తుంది, కొస లోపలే ఉండిపోతుంది. అది పెరుగుతూ పక్కకు తిరిగి చర్మంలోకి గుచ్చుకుంటుంది. కొన్నిసార్లు బయటికి వచ్చిన వెంట్రుకే వంగి మళ్ళీ చర్మంలోకి దిగుతుంది. శరీరం దాన్ని బయటినుంచి గుచ్చుకున్న ముల్లులా భావించి ప్రతిఘటిస్తుంది. ఆ ప్రతిఘటనే పొక్కు. ఉంగరాల జుట్టు ఉన్నవారికి ఈ బాధ ఎక్కువ. ఇది మొదట క్రిముల వల్ల వచ్చింది కాదు. గోళ్ళతో గోకి, గిల్లి, చిదిమినప్పుడు క్రిములు చేరి నిజంగానే చీము పడుతుంది.

మూడవది తామర. ఇది శిలీంధ్రం వల్ల వచ్చే అంటువ్యాధి. గుండ్రంగా, అంచులు కాస్త పైకి లేచి, రోజురోజుకూ వెడల్పవుతూ విపరీతంగా దురద పెడుతుంది. ఇతరులు వాడిన తువ్వాళ్ళ ద్వారా కూడా ఇది సోకుతుంది. దీన్ని కత్తి పొక్కులనుకుని నిర్లక్ష్యం చేస్తే ఇంట్లో మిగతావారికీ అంటుకుంటుంది.

మా నేల, మా నీళ్ళు

అనంతపురం నుంచి గుత్తి వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద మా గార్లదిన్నె ఉంది. ఈ జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. పెన్నానది మీది మధ్య పెన్నార్ జలాశయం మా మండలంలోనే ఉన్నా, ఇంటి వాడకానికి బోరునీళ్ళ మీద ఆధారపడే కుటుంబాలు మా చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఆ నీళ్ళకూ మెడ మంటకూ సంబంధం ఉంది.

మా బోరునీళ్ళు చాలాచోట్ల కఠిన జలాలు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారతాయి. సబ్బు ఎంత అరగదీసినా నురుగు నిలవదు. నిలిచిన కాస్త నురుగు కూడా ఇక్కడి వేడిగాలికి నిమిషంలో ఎండిపోతుంది. కత్తికీ చర్మానికీ మధ్య జారుడు కల్పించేది ఆ నురుగే గనక, అది ఎండిన చోట ఉస్తరా చర్మాన్ని గీకుతుంది.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. గడ్డం గీసే నురుగుకు ఒక చిన్న గ్లాసు మంచినీళ్ళు సరిపోతాయి. తాగడానికి తెచ్చుకునే శుద్ధిచేసిన నీళ్ళలో నుంచి ఆ ఒక్క గ్లాసు తీసుకోండి. వానాకాలంలో పట్టి ఉంచిన వాననీళ్ళయితే మరీ మంచిది. ఏవీ లేకపోతే బోరునీళ్ళను బాగా మరిగించి, చల్లార్చి, అడుగున తెట్టు పేరుకున్నాక పైనీళ్ళు వంచుకోండి. కాఠిన్యం పూర్తిగా పోకపోయినా కొంత తగ్గుతుంది.

మరో మాట. వేరుశెనగ నూర్పిళ్ళ రోజుల్లో పొద్దున్నే మెడ గీసుకుని నేరుగా కళ్ళానికి వెళ్ళకండి. పచ్చి చర్మం మీద దుమ్ము, చెమట చేరి, భుజం మీది తువ్వాలుతో పదేపదే తుడుచుకుంటే మంట రెట్టింపవుతుంది. ఆ పని రాత్రి నిద్రకు ముందు పెట్టుకుంటే తెల్లవారేసరికి చర్మం కొంత కోలుకుంటుంది. జుమా కోసం చేసుకునేవారు కూడా గురువారం ఇషా తర్వాత చేసుకోవచ్చు. ఇస్లామీ లెక్క ప్రకారం గురువారం మగ్రిబ్‌తోనే జుమా రాత్రి ప్రారంభమవుతుంది కదా!

ఉస్తరా నడిపే తీరు

సొంతంగా ఉస్తరా పట్టేవారు ముందుగా తమ మెడను చదవడం నేర్చుకోవాలి. రెండు రోజులు గీయకుండా ఉండి, వేలితో మెడను నాలుగు వైపులా నిమరండి. ఎటు నిమిరితే మెత్తగా ఉందో అటే వెంట్రుకల వాలు. ఎటు నిమిరితే గరుకుగా తగిలిందో అది ఎదురు దిశ. చాలామందికి దవడ కింద వెంట్రుకలు కిందికి వాలి ఉంటాయి. మెడ అడుగున, కాలరు దగ్గర మాత్రం పైకి గాని పక్కకు గాని తిరుగుతాయి. కంఠముడికి ఇరువైపులా సుడులు ఉండవచ్చు. మెడంతా పైనుంచి కిందికి ఒకే పోటున గీస్తే సగం మెడ మీద మనకు తెలియకుండానే ఎదురు గీత గీసినట్లవుతుంది.

తర్వాత తడి. స్నానం చేసిన వెంటనే గీసుకోవడం ఉత్తమం. లేదా గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను రెండు మూడు నిమిషాలు మెడ మీద ఉంచండి. నీళ్ళు పీల్చుకున్న వెంట్రుక మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. ఆ పైన నురుగును బ్రష్‌తో చక్కగా పట్టించి, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. మెడను చివరికి వదిలిపెట్టేవారు అప్పటికి నురుగు ఎండిపోయి ఉంటే మళ్ళీ పట్టించాలి.

ఇక కత్తి. జిబహ్ చేసేటప్పుడు కత్తిని బాగా పదునుపెట్టి జంతువుకు బాధ తగ్గించమని ప్రవక్త (స) ఆదేశించారు. ఈ హదీసును హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించారు. జంతువు విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం మనిషి మెడ మీద మొద్దు కత్తి నడపడాన్ని మెచ్చుతుందా? పాతకాలపు ఉస్తరాను ప్రతిసారీ వాడేముందు తోలుపట్టీ మీద వెన్ను ముందుకు, అంచు వెనుకకు ఉండేలా లాగి, చివరన తిప్పి మళ్ళీ లాగుతూ నలభై, యాభై సార్లు నూరాలి. పట్టీతో పదును రానప్పుడు సానరాయికి పెట్టాలి. సగం బ్లేడు అమర్చే ఉస్తరా అయితే ప్రతిసారీ కొత్త బ్లేడు వేయాలి. కొత్త బ్లేడు చాలా పదును గనక చేయి మరింత తేలికగా ఉండాలి.

కత్తి చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణంలో ఉండాలి. పూర్తిగా పడుకోబెడితే వెంట్రుకను పీకుతుంది. నిలబెడితే చర్మాన్ని కోస్తుంది. బరువంతా కత్తిదే కావాలి, చేతిది కాకూడదు. నొక్కాలనిపించిందంటే పదును తగ్గిందనో, నురుగు ఎండిందనో తెలుసుకోండి. వాలు వెంట, ఒకటి రెండు అంగుళాలకు మించని చిన్న గీతలు గీయండి. రెండో చేత్తో చర్మాన్ని ముడత పోయేంత మాత్రమే సాగదీయండి. బిగించి లాగితే వెంట్రుక లోతుగా తెగుతుందనీ, పొక్కులకు మూలం అదేననీ పైన చెప్పుకున్నాం. కంఠముడి మీద నేరుగా గీయకండి. ఆ చర్మాన్ని కొద్దిగా పక్కకు జరిపి, చదునైన చోట గీసి వదిలేయండి. కత్తి అంచు ఎన్నడూ అడ్డంగా జారకూడదు.

మెడకు ఒక్క గీత చాలు. ఎక్కడైనా మిగిలిందనుకుంటే మళ్ళీ నురుగు పట్టించి, వాలు వెంటనే రెండోసారి గీయవచ్చు. నురుగు లేని చోట కత్తి పెట్టవద్దు. ఎదురు గీత జోలికి అసలే వెళ్ళవద్దు. మిగిలిన కాస్త గరుకును అలాగే ఉండనివ్వండి. కుడివైపు నుంచి ప్రారంభించడం సున్నత్ అని మరువకండి.

గీయడం పూర్తయ్యాక చల్లని నీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. పటికను తడిపి ఒకసారి సున్నితంగా తిప్పి, కాసేపాగి కడిగేయవచ్చు. పటిక మెడంతా భగ్గుమనిపిస్తే ఆ రోజు చేయి బరువుగా పడిందని అర్థం. మన ఇళ్ళలో జరిగే మరో పొరపాటు అత్తరు. అప్పుడే గీసిన మెడకు అత్తరు పులమడం వల్ల మంట, దద్దుర్లు వస్తాయి. జుమా రోజున సువాసన పూసుకోవడం సున్నతే. ఆ అత్తరును దుస్తులకు రాసుకుంటే సున్నత్ నెరవేరుతుంది, మెడా చల్లగా ఉంటుంది.

గాటు పడి రక్తం వస్తే వుజూ సంగతేమిటని విద్యార్థులు అడుగుతుంటారు. హనఫీ మజ్‌హబ్ ప్రకారం రక్తం గాయం దాటి పారితే వుజూ భంగమవుతుంది. చుక్కగా కనబడి అక్కడే నిలిచిపోతే భంగం కాదు. షాఫయీ మజ్‌హబ్‌లో ఇలాంటి గాయపు రక్తం వల్ల వుజూ పోదు.

క్షౌరశాలలో మన బాధ్యత

12వ శతాబ్దంలో షామ్ దేశానికి చెందిన షైజరీ అనే పండితుడు అంగడి పర్యవేక్షకుడి కోసం, అంటే ముహ్‌తసిబ్ కోసం ఒక గ్రంథం రాశాడు. రొట్టెలవాడి తూనిక నుంచి వైద్యుని పరికరాల వరకు అన్నింటినీ తనిఖీ చేసే పద్ధతి అందులో ఉంది. హమ్మాముల్లో పనిచేసే క్షురకుని గురించి కూడా ఆయన నియమాలు చెప్పాడు. అతని చేయి నేర్పుగలదై, కత్తి పదునైనదై ఉండాలన్నాడు. పనిచేసే రోజున ఉల్లి, వెల్లుల్లి వంటివి తిని ఎదుటివారికి నోటి వాసనతో ఇబ్బంది కలిగించకూడదన్నాడు. మెడ అప్పగించి కూర్చున్న మనిషి సౌకర్యాన్ని ఆనాటి సమాజం ఎంత గౌరవించిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈనాడు మన ముందున్న ప్రమాదం ఇంకా పెద్దది. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. కంటికి కనబడనంత రక్తం అంటుకున్న బ్లేడు మరొకరి గీరుకుపోయిన మెడ మీద నడిస్తే ఆ వ్యాధి సోకవచ్చు. హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. విషయంలోనూ ఇతరుల బ్లేడు వాడకూడదన్నదే నియమం. బ్లేడును క్రిమిసంహారక ద్రావణంలో ఒకసారి ముంచి తీస్తే సరిపోదు.

కనుక కుర్చీలో కూర్చోగానే మర్యాదగా ఒక మాట అడగండి: "భాయ్, కొత్త బ్లేడు వేయండి." మన కళ్ళముందే పొట్లం విప్పాలి. ఒక కప్పు టీ కంటే బ్లేడు చౌక. అనుమానం ఉంటే జేబులో మనదే ఒకటి పెట్టుకుని వెళ్ళవచ్చు. చాలామంది పట్టించుకోని వస్తువు పటిక. ఉదయం నుంచి సాయంత్రం దాకా అదే పటికరాయి పదిమంది పచ్చి మెడల మీద తిరుగుతుంది. బ్లేడు మార్చి పటిక మార్చకపోతే జాగ్రత్త సగమే. పటిక ముక్కను, తువ్వాలును ఇంటినుంచే తీసుకువెళ్ళడం అలవాటు చేసుకోండి. అలాగే, "ఎదురు గీత వద్దు, ఒక్కసారి చాలు" అని ముందే చెప్పండి. గిరాకీ మెచ్చుకోవాలనే తపనతోనే క్షురకుడు రెండోసారి ఎదురు గీస్తాడు. మనం వద్దంటే అతనికీ శ్రమ తగ్గుతుంది.

బక్రీదు నాడు ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఖుర్బానీ ఇచ్చేవారు జుల్‌హిజ్జా నెలవంక కనబడింది మొదలు వెంట్రుకలు తీయకుండా ఉండి, ఖుర్బానీ అయ్యాక ఒక్కసారిగా క్షౌరశాలకు చేరుకుంటారు. పదిరోజులు పెరిగిన వెంట్రుకల మీద నేరుగా ఉస్తరా పెడితే అది పీకుతుంది. ముందు కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో కురచ చేయించి, ఆ తర్వాతే ఉస్తరా పట్టించండి. హజ్ యాత్రకు వెళ్ళేవారు కూడా మినాలో శిరోముండనాన్ని అనుమతి పొందిన క్షౌరశాలల్లోనే, ఒకసారి వాడి పారవేసే బ్లేడుతోనే చేయించుకోవాలి. దారిపక్కన కూర్చుని ఒకే కత్తితో వరుసగా గొరిగేవారి ముందు తల వంచవద్దు.

ఇక్కడే మరో ధర్మం కూడా గుర్తుంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చట్టబద్ధమైన బి.సి.-ఇ జాబితాలో హజామ్, నాయీ ముస్లిం పేర్లు కూడా ఉన్నాయి. హిందూ సోదరుల్లో నాయీ బ్రాహ్మణులు తరతరాలుగా ఈ వృత్తిలో ఉన్నారు. మన మెడను వారి కత్తికి అప్పగిస్తున్నాం. ఆ నమ్మకానికి తగిన గౌరవం వారికి దక్కాలి. కొత్త బ్లేడు అడిగినవారు దానికయ్యే నాలుగు రూపాయలు అదనంగా ఇవ్వడానికి వెనుకాడకూడదు. రోజూ పరాయి రక్తానికి దగ్గరగా పనిచేసే ఆ సోదరులు హెపటైటిస్-బి టీకాలు వేయించుకోవడం కూడా ఎంతో అవసరం.

మండిన మెడకు ఉపశమనం

పొక్కులు లేచిన మెడకు అన్నిటికంటే మంచి మందు విశ్రాంతి. మూడు నాలుగు వారాలు కత్తి తగలనివ్వకపోతే లోపల చిక్కుకున్న వెంట్రుకల్లో చాలామట్టుకు వాటంతటవే బయటపడతాయి. ఆ రోజుల్లో మెడ అసహ్యంగా కనబడుతుందనుకుంటే చర్మానికి అంటీ అంటకుండా ట్రిమ్మర్ నడిపితే చాలు. రోజుకు రెండుసార్లు గోరువెచ్చని తడిగుడ్డతో కాపడం పెట్టండి. మెడ మీద చర్మంలోకి వంగిన వెంట్రుకను పీకవద్దు, సూదితో తవ్వవద్దు. పీకినది మళ్ళీ మొలిచేటప్పుడు మళ్ళీ లోపలే చిక్కుకోవచ్చు.

వెనుకమెడ, అంటే తల జుట్టు ముగిసే చోట, ఉస్తరా మరీ ప్రమాదకరం. కొందరికి అక్కడ లేచిన పొక్కులు గట్టిపడి శాశ్వతమైన గడ్డలుగా మిగిలిపోతాయి. అలాంటి లక్షణం ఉన్నవారు వెనుకమెడకు ట్రిమ్మర్ మాత్రమే వాడించుకోవాలి.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే క్రీముల విషయంలో తల్లులకు మా విన్నపం. దురదకు వెంటనే పనిచేసే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. తామర మీద దాన్ని రాస్తే పైకి తగ్గినట్లే తగ్గి, లోలోపల విస్తరించి మొండికేస్తుంది. చర్మం కూడా పలుచబడుతుంది. కనుక చీము, జ్వరం, వ్యాపించే ఎరుపు, గుండ్రని మచ్చలు, గట్టి గడ్డలు కనబడినా, మధుమేహం ఉన్నవారి మెడ మీద పుండు మానకపోయినా వైద్యునికి చూపించాలి. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. మన ప్రాంతంవారికి అది దూరమేమీ కాదు.

ఇంట్లో కొడుక్కి తొలిసారి నూనూగు మీసం వచ్చినప్పుడు, అతని చేతికి కత్తి ఇచ్చేముందు, తండ్రి పక్కన కూర్చోబెట్టుకుని ఈ విషయాలు చెప్పాలి. వుజూ ఎలా చేయాలో ఎంత ఓపికగా నేర్పామో, శరీరాన్ని హాని లేకుండా శుభ్రపరచుకోవడం కూడా అంతే ఓపికగా నేర్పాలి. ఈ శరీరం మన సొంతం కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. మెడ మీద కాస్త గరుకు మిగిలితే నష్టమేమీ లేదు. అమానతుకు గాయం కాకూడదు.

మన బాహ్యాన్నీ అంతరంగాన్నీ పరిశుభ్రంగా ఉంచుకునే సద్బుద్ధినీ, ప్రతి విషయంలో మితాన్ని పాటించే వివేకాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.